బరువు తగ్గించే ఆపరేషన్: పదో ఏడాది సంగతి

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో బరువు తగ్గించే ఆపరేషన్ల ప్రకటన ఏది చూసినా రెండు ఫొటోలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఆపరేషన్‌కి ముందుది, రెండోది దాదాపు ఏడాది తర్వాతది. ఆ రెండో ఫొటో అబద్ధమేమీ కాదు. అయితే అది ఎప్పుడు తీశారో గమనించాలి. ఏ రకం ఆపరేషన్ చేయించుకున్నా బరువు బాగా కిందికి దిగేది పన్నెండో నెలకీ పద్దెనిమిదో నెలకీ మధ్యలో. అప్పటికి ఒంట్లో బి12 నిల్వలు ఇంకా అయిపోవు. ఎముకల్లోంచి తరిగిపోతున్న కాల్షియం బయటపడదు. గుండెమంట మొదలైనా మాత్ర వేసుకుని సర్దుకుపోతుంటారు. లాభమంతా కళ్ళెదుట ఉండి, దానికి కట్టాల్సిన మూల్యం ఇంకా మొదలుకాని రోజుల్లో తీసిన ఫొటో అది.

నా వాదన ఒక్కటే. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా, చేయించుకుంటే ఏది అన్న నిర్ణయాన్ని పదో ఏడాది మీ ఒళ్ళూ, మీ కంచమూ, మీ మందుల డబ్బా ఎలా ఉంటాయో లెక్క చూసుకుని తీసుకోవాలి. ఆపరేషన్ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. తీవ్రమైన ఊబకాయానికి ఇంత గట్టిగా, ఇన్నేళ్ళపాటు పనిచేసే వైద్యం మరొకటి లేదు. స్వీడన్‌లో 1987లో మొదలై దశాబ్దాల పాటు సాగిన ఎస్ఓఎస్ అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు చేయించుకోని ఊబకాయుల కన్నా సగటున మూడేళ్ళు ఎక్కువ బతికారు. అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. వాళ్ళు మామూలు జనాభాతో పోలిస్తే మాత్రం ఇంకా అయిదారేళ్ళు తక్కువే బతికారు. ఈ రెండో వాక్యాన్ని ఏ ప్రకటనలోనూ చూడం.

ముందు శాతాల మాయ సంగతి. "డెబ్బై శాతం బరువు తగ్గుతారు" అని కౌన్సెలర్ అంటే చాలామంది మొత్తం బరువులో డెబ్బై శాతం అనుకుంటారు. వాళ్ళు చెప్పేది అదనపు బరువులో డెబ్బై శాతం. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి 110 కిలోలున్నారనుకోండి. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువుని కొలిచే అంకె) 25 దగ్గర ఆ ఎత్తుకి తగిన బరువు సుమారు 66 కిలోలు, కాబట్టి అదనం 44 కిలోలు. అందులో డెబ్బై శాతమంటే 31 కిలోలు. చివరికి ఆ మనిషి 79 కిలోల దగ్గర ఆగుతారు, బీఎంఐ దాదాపు 30. మొత్తం బరువులో చూస్తే తగ్గింది 28 శాతం. షుగరుకీ, మోకాళ్ళకీ, గురకకీ ఇది చాలా మంచి ఫలితం. కాలేజీ రోజుల నాటి బరువుకి వెళ్తానని ఆశపడ్డవాళ్ళకి మాత్రం నిరాశే. అందుకని ముందే అడగాల్సింది శాతం కాదు, మీ ఎత్తుకీ మీ ఇప్పటి బరువుకీ ఎన్ని కిలోల దగ్గర ఆగుతుందన్నది. ఒకే అంకె చెప్పే డాక్టరు కన్నా "75 నుంచి 85 మధ్య" అనే డాక్టరునే నమ్మండి.

ఇక ఎవరికి అవసరం? 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత బీఎంఐ 40, లేదా షుగర్ వంటి జబ్బులుంటే 35. చాలా ఏళ్ళు ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. మనవాళ్ళకి పొట్ట చుట్టూ కొవ్వు తక్కువ బరువుకే చేరుతుంది, షుగర్ కూడా ముందే వస్తుంది. 2022లో బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్ల) అంతర్జాతీయ సంఘాలు ఆ గీతను సవరించాయి. 35 దాటితే జబ్బులున్నా లేకున్నా ఆపరేషన్ సూచించవచ్చన్నాయి. ఆసియావాసులకి 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. పైన చెప్పిన ఎత్తు మనిషికి 27.5 అంటే 73 కిలోలు, 35 అంటే 93, 40 అంటే 106.

ఇక్కడే ఒక చిక్కు. మన ఆరోగ్య బీమా ఇంకా పాత గీత దగ్గరే ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం 18 ఏళ్ళు నిండి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, ఇతర పద్ధతులు విఫలమై, గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులో లేని టైప్ 2 షుగర్‌లలో ఒకటి ఉండాలి. బీఎంఐ 32, అదుపు తప్పిన షుగర్ ఉన్న మనిషికి వైద్యశాస్త్రం ఆపరేషన్ చేయించుకోవచ్చంటుంది, బీమా కంపెనీ డబ్బులివ్వనంటుంది. 34.6 ఉన్నవాళ్ళకి "రెండు కిలోలు పెరిగి రండి, క్లెయిమ్ అవుతుంది" అని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆపరేషన్ ముందు కాలేయంలో కొవ్వు పెరగడం సర్జన్‌కీ, మత్తు డాక్టరుకీ, అందరికన్నా ముందు మీకూ చేటు. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఎంతుందో, ముందస్తు అనుమతికి ఏ కాగితాలు కావాలో ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. డైటీషియన్ దగ్గరికి వెళ్ళిన చీటీలు, పాత షుగర్ రిపోర్టులు దాచుకున్నవాళ్ళకే "ఇతర పద్ధతులు విఫలమయ్యాయి" అని చూపించడం కుదురుతుంది.

నాకు కనిపించేది ఏమిటంటే, మన దగ్గర ఈ ఆపరేషన్ అవసరమైనవాళ్ళు భయపడి దూరంగా ఉంటున్నారు, అంతగా అవసరం లేనివాళ్ళు పెళ్ళి సంబంధాల కోసం తొందరపడుతున్నారు. బీఎంఐ 38 ఉండి, నాలుగేళ్ళ షుగరుకి రోజూ మూడు రకాల మాత్రలు వేసుకునే నలభై ఏళ్ళ మనిషిని "కడుపు కోయించుకుంటావా" అని ఇంట్లోవాళ్ళు ఆపేస్తారు. అనుభవమున్న చోట ఈ ఆపరేషన్‌లో ప్రాణాపాయం ఇంచుమించు వెయ్యిలో ఒకరి స్థాయిలో ఉంటుంది. గాల్‌బ్లాడర్ తీయించుకోవడానికి ఎవరూ అంత భయపడరు, అది కూడా దాదాపు ఆ కోవలోదే.

మనకి ప్రధానంగా దొరికేవి మూడు ఆపరేషన్లు: స్లీవ్, రెగ్యులర్ బైపాస్, మినీ బైపాస్. కడుపు చుట్టూ బిగించే బ్యాండుకి కాలం చెల్లిపోయింది. మింగే బెలూన్, ఎండోస్కోపీతో పెట్టే బెలూన్ కడుపులో కొన్ని నెలలే ఉండేవి, ఆ తర్వాత బరువు తిరిగొస్తుంది. లైపోసక్షన్ అసలు ఈ కోవలోదే కాదు, చర్మం కింది కొవ్వు కాస్త లాగేస్తారు, షుగరుకి దానితో సంబంధం లేదు.

ఎక్కువగా చేసేది స్లీవ్. కడుపు అడుగు ద్వారానికి నాలుగైదు సెంటీమీటర్ల ఇవతల మొదలుపెట్టి, లోపల ఒక గొట్టం ఆసరాగా ఉంచి, స్టేప్లర్‌తో పైదాకా కోసుకుంటూ వెళ్తారు. కడుపులో ముప్పావు వంతుకి పైగా బయటికి తీసేస్తారు, మిగిలేది వంద, నూట యాభై మిల్లీలీటర్లు పట్టే సన్నని గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన పై భాగంలోనే, అందుకే మొదట్లో ఆకలే వెయ్యదు. పేగుల జోలికి పోరు, గంటన్నరలో అయిపోతుంది, సర్జన్‌కి సులువు. ప్యాకేజీలన్నీ స్లీవ్ చుట్టూ తిరగడానికి ఈ సులువు ఒక పెద్ద కారణమని నా అనుమానం.

పదో ఏడాది దాని కథ వేరు. ఫిన్లాండ్‌లో స్లీవ్‌నీ బైపాస్‌నీ పోల్చిన స్లీవ్‌పాస్ పరిశోధన పదేళ్ళ ఫలితాలు 2022లో వచ్చాయి. అదనపు బరువులో తగ్గుదల స్లీవ్‌లో సుమారు 44 శాతం దగ్గర నిలిచింది, బైపాస్‌లో యాభై దాటింది. అంతకన్నా ముఖ్యమైనది అన్నవాహిక సంగతి. ఎండోస్కోపీ చేసి చూస్తే అన్నవాహికలో పుండ్లూ వాపూ స్లీవ్ వాళ్ళలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్ళలో 7 శాతం మందికి కనిపించాయి. కారణం కష్టమైనదేం కాదు. కడుపు సాగే సంచీలా ఉన్నప్పుడు ఒత్తిడి సర్దుకునేది. సన్నని గొట్టమయ్యాక లోపలి ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తన్నుతుంది. కాబట్టి ఇప్పటికే గుండెమంట, పుల్లతేన్పులు, రాత్రిళ్ళు గొంతులోకి ఎగదన్నడం ఉన్నవాళ్ళు, ఎండోస్కోపీలో హయాటస్ హెర్నియా (కడుపు పై భాగం ఛాతీలోకి జారడం) పెద్దగా కనిపించినవాళ్ళు స్లీవ్‌కి ఒప్పుకునే ముందు రెండో సర్జన్‌ని కలవాలి. ఎండోస్కోపీ చేయకుండానే స్లీవ్ తేదీ ఇచ్చే చోటు నుంచి లేచి వచ్చేయండి. స్లీవ్ వెనక్కి మార్చలేం, తీసేసిన కడుపు తిరిగి రాదు. మంట భరించలేకపోతే బైపాస్‌గా మార్చడమే దారి, అది రెండో ఆపరేషన్, రెండో బిల్లు.

రెండోది రెగ్యులర్ బైపాస్. పైన ముప్పై మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి, పేగుని కత్తిరించి దానికి కలుపుతారు, రెండు చోట్ల అతుకులు. గుండెమంటకి ఇదే మంచిది, షుగరుకీ స్లీవ్ కన్నా కాస్త మెరుగు. దీనికున్న ప్రమాదం లోపలి హెర్నియా. బరువు తగ్గి, పేగుల మధ్య కొవ్వు కరిగాక ఏర్పడే సందుల్లోకి పేగు దూరి మెలిపడుతుంది. ఆపరేషన్ అయిన రెండేళ్ళకో అయిదేళ్ళకో ఉన్నట్టుండి బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి వస్తుంది. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ మామూలుగానే కనిపించవచ్చు. గ్యాస్ ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపితే పేగు కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు సీటీ స్కాన్, బేరియాట్రిక్ సర్జన్ కావాలి. ఆ సందులు కుట్టి మూస్తారా అని ఆపరేషన్‌కి ముందే అడగండి.

మూడోది మినీ బైపాస్. 1997లో అమెరికాలో రట్లెడ్జ్ అనే సర్జన్ మొదలుపెట్టిన ఈ పద్ధతి భారతదేశంలో బాగా పాతుకుపోయింది. పొడవాటి సంచి, ఒకటే అతుకు, బరువు బాగా తగ్గుతుంది. ఎంత పేగుని తప్పించారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఫ్రాన్స్‌లో 200 సెంటీమీటర్లు తప్పించి చేసిన మినీ బైపాస్‌ని రెగ్యులర్ బైపాస్‌తో పోల్చి 2019లో ఫలితాలు ప్రచురించారు. మినీ బైపాస్ వైపు వచ్చిన తీవ్ర దుష్ఫలితాల్లో ఐదో వంతు పోషకాహార లోపాలే, రెగ్యులర్ వైపు అలాంటిది ఒక్కటీ లేదు. శాకాహారి అయి, ఊళ్ళో ఉంటూ, ఆరు నెలలకోసారి రక్తపరీక్షకి రావడం కష్టమయ్యే మనిషికి మినీ బైపాస్ చేయడమంటే తెలిసి తెలిసి చిక్కులో పెట్టడమేనని నేనంటాను. ఎక్కువ బరువు తగ్గడం ఒక్కదాన్నే చూసి దాన్ని ఎంచుకోవద్దు.

షుగర్ ఉన్నవాళ్ళకి ఆశ కాస్త కొలిచి పెట్టాలి. స్టాంపీడ్ అనే అమెరికా పరిశోధనలో అయిదేళ్ళకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6 కానీ అంతకన్నా తక్కువ కానీ ఉన్నవాళ్ళు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్ళలో 5 శాతం. తేడా పెద్దదే, కానీ "షుగర్ పూర్తిగా పోతుంది" అనడానికి ఇది చాలదు. జబ్బు వచ్చి నాలుగైదేళ్ళలోపు, ఇన్సులిన్ లేకుండా మాత్రల మీదున్నవాళ్ళకి పోయే అవకాశం ఎక్కువ. పదిహేనేళ్ళుగా ఇన్సులిన్ మీదున్నవాళ్ళకి డోసు తగ్గుతుందేమో కానీ పోదు. క్లోమంలో ఇంకా సత్తా ఎంతుందో సి-పెప్టైడ్ పరీక్ష చెబుతుంది, అది చేయించకుండా హామీ ఇచ్చేవాళ్ళ మాట పట్టించుకోకండి. ఆపరేషన్‌కి ముందు కంటి రెటీనా కూడా చూపించుకోండి, షుగర్ ఒక్కసారిగా పడిపోతే పాత రెటీనా జబ్బు ముదరవచ్చు.

మందుల విషయంలో రెండు జాగ్రత్తలు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. కాలేయం తగ్గడానికి ఇచ్చే రెండు వారాల తక్కువ కేలరీల ఆహారం మీద వీటిని వేసుకుంటే, మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగవచ్చు. ఆపరేషన్ అయ్యాక గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర పాత డోసులోనే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. బీపీ మాత్రలూ అంతే. డిశ్చార్జ్ చీటీలో ప్రతి పాత మందు పక్కనా "ఆపాలి", "తగ్గించాలి", "కొనసాగించాలి" అని రాసి ఉండాలి.

మొదటి పది రోజుల్లో భయపడాల్సినవి కోసి అతికిన చోట లీకు, రక్తస్రావం, కాళ్ళలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి పోవడం. లీకుకి మొదటి గుర్తు కడుపునొప్పి కాకపోవచ్చు. కదలకుండా పడుకున్నా నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, ఏదో తేడాగా ఉందన్న గాభరా. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే నాడి అదే చూపిస్తుంది. ఈ గుర్తులుంటే దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో రెండు రోజులు గడపకుండా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళాలి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో హైదరాబాద్ వచ్చి చేయించుకున్నవాళ్ళు డిశ్చార్జ్ అయిన మర్నాడే రైలెక్కకుండా పది రోజులు ఊళ్ళోనే ఎక్కడైనా ఉండటం మంచిది. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సెలవు మీద వచ్చి, ఇక్కడ చవక కదా అని చేయించుకుని, రెండు వారాలకే విమానం ఎక్కేవాళ్ళూ ఉన్నారు. రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువగా ఉన్న రోజుల్లోనే గంటల తరబడి కాళ్ళు కదపకుండా కూర్చోవడం అది.

తిండి సంగతి నిదానంగా చెప్పాలి, బండి ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. మొదటి రెండు వారాలు ద్రవాలు: మజ్జిగ, పప్పుకట్టు, వడకట్టిన చికెన్ సూప్, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. తర్వాత రెండు వారాలు మెత్తగా మెదిపినవి, ఆపైన మెత్తటి ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, చేప. ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఇంట్లోవాళ్ళు తినేదే. అన్నం ముద్ద కలిపి గబగబా మింగే అలవాటు మనది. నమలని ముద్ద, చపాతీ ముక్క, మటన్ పీచు ఆ సన్నదారిలో ఇరుక్కుని ఛాతీ పట్టేసినట్టయి వాంతి అవుతుంది. అన్నంతోపాటు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. రోజంతా కలిపి లీటరున్నర నుంచి రెండు లీటర్లు గుక్కగుక్కగా.

రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. పూటకి పట్టేది అరకప్పు. అందులో పప్పన్నం పెట్టుకుంటే వచ్చేది నాలుగైదు గ్రాములు. శాకాహారికి లెక్క కట్టి చూద్దాం. అరకప్పు గట్టి పప్పులో 5, వంద గ్రాముల గడ్డపెరుగులో 4, గ్లాసు పాలల్లో 6, యాభై గ్రాముల పనీర్‌లో 9, ముప్పై గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 15. మొత్తం 39. ఒక కొలత వే ప్రొటీన్‌తో ఇంకో 22 కలిస్తే 61. రోజూ ఇవన్నీ తింటే తప్ప అంకె చేరదన్నమాట, ఇందులో అన్నానికి చోటే లేదు. మాంసాహారికి సులువు: రెండు గుడ్లు 12, వండిన చికెన్ వంద గ్రాములు 25 పైన. ప్రొటీన్ చాలకపోతే మూడో నెల నుంచి జుట్టు ఊడటం మరీ ఎక్కువవుతుంది, కండ కరుగుతుంది. కొంత జుట్టు ఎలాగూ ఊడుతుంది, ఏడాదిలోపు తిరిగి వస్తుంది. దానికోసం బయోటిన్ సీసాలు కొనడం దండగ.

సులువుగా జారిపోయే తిండి ఇంకొకటుంది. ఐస్‌క్రీమ్, బిస్కెట్లు, టీలో చక్కెర, కారప్పూస, లడ్డూ. ఇవి మెత్తగా కరిగి స్లీవ్ గొట్టంలోంచి నిమిషాల్లో దిగిపోతాయి, కడుపు నిండినట్టే అనిపించదు. మూడో ఏడాది నుంచి బరువు తిరిగి పెరిగినవాళ్ళలో చాలామంది అన్నం ఎక్కువ తినలేదనే నిజమే చెబుతారు.

ఇక మాత్రలు, జీవితాంతం. కాల్షియం రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్కోసారి 500 చొప్పున. మెడికల్ షాపులో కాల్షియం అడిగితే చేతిలో పెట్టేది చాలావరకు కార్బొనేట్. అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, ఇప్పుడు ఆ ఆమ్లమే తక్కువ. సిట్రేట్ అని అడిగి తీసుకోండి. విటమిన్ డి రోజుకి 3000 యూనిట్లు, రక్తపరీక్షను బట్టి పెంచుతారు. నెలసరి వచ్చే ఆడవాళ్ళకి ఐరన్ 45 నుంచి 60 మిల్లీగ్రాములు. ఐరన్‌నీ కాల్షియంనీ కలిపి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, రెండు గంటల ఎడం ఉండాలి. టీ, కాఫీలు కూడా ఐరన్‌ని పట్టనివ్వవు. పొద్దున్నే నిమ్మరసం నీళ్ళతో ఐరన్, తర్వాత పదింటికి, నాలుగింటికి, పడుకునే ముందు కాల్షియం పెట్టుకుంటే గొడవ ఉండదు.

బి12 నోటి ద్వారా రోజుకి 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, లేదా నెలకోసారి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. కాలేయంలో నిల్వ ఉండటం వల్ల దీని లోటు బయటపడటానికి రెండు మూడేళ్ళు పడుతుంది. మనలో శాకాహారులకి నిల్వ ముందే తక్కువ, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడినవాళ్ళకి ఇంకా తక్కువ. అరికాళ్ళు తిమ్మిరెక్కితే "షుగర్ కదా, మామూలే" అని వదిలేస్తారు. షుగర్ తగ్గిన మనిషికి తిమ్మిర్లు కొత్తగా వస్తున్నాయంటే ముందు అనుమానించాల్సింది బి12ని. ఆలస్యమైతే నరాలకి జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాదు.

అన్నిటికన్నా తొందరగా దెబ్బకొట్టేది బి1, అంటే థయమిన్. ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకి మించి ఉండదు. ఆపరేషన్ అయిన ఒకటి రెండు నెలల్లో వాంతులు పట్టుకుని వారం పైగా ఏమీ నిలవకపోతే నిల్వ ఖాళీ అవుతుంది. అప్పుడు మనవాళ్ళు చేసే మొదటి పని, ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళి నీరసానికి సెలైన్ పెట్టించుకోవడం. ఆ సీసాలో గ్లూకోజ్ ఉంటుంది. గ్లూకోజ్‌ని వాడుకోవడానికి శరీరానికి థయమిన్ కావాలి. మిగిలిన కాస్తా అందులో ఖర్చయిపోయి మెదడుకి అందదు. కళ్ళకి ఒకటి రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మాట తడబడటం, కాళ్ళలో బలం పోవడం మొదలవుతాయి. బలం కోసం ఎక్కించిన గ్లూకోజే మనిషిని మంచాన పడేయగలదు. వాంతులతో ఉన్న బేరియాట్రిక్ పేషెంట్‌కి గ్లూకోజ్ కన్నా ముందు థయమిన్ ఇంజెక్షన్ పడాలి. ఈ ఒక్క వాక్యాన్ని తెలుగులో కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోవడం ఖరీదైన ప్యాకేజీలన్నిటి కన్నా విలువైన పని.

పెయిన్‌కిల్లర్లు ఇంకో ఉచ్చు. మోకాళ్ళ నొప్పికీ, పంటి నొప్పికీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అడగ్గానే దొరుకుతాయి. బైపాస్ అయినవాళ్ళకి అతుకు దగ్గర పుండు పడి రక్తం కారడానికి ఇవే ముఖ్య కారణం, రెండోది సిగరెట్. పారాసిటమాల్ వేసుకోవచ్చు. మద్యం కూడా ఒకప్పటిలా ఉండదు. ఒక పెగ్గు త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది, తాగుడు అలవాటుగా మారడం రెండో ఏడాది నుంచి ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. తిండిలో దొరికే ఊరట పోయినప్పుడు మనసు ఇంకో ఊరట వెతుక్కుంటుంది. ఆపరేషన్‌కి ముందు మానసిక వైద్యుణ్ణి కలవమంటే "నాకేమైనా పిచ్చా" అనకండి.

రాళ్ళ సంగతి చిన్నదే. బరువు వేగంగా తగ్గేటప్పుడు గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు పడతాయి, అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ 300 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఆరు నెలలు వేసుకుంటే చాలావరకు తప్పుతుంది.

పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ళకి: పీసీఓడీ ఉన్నవాళ్ళలో బరువు తగ్గడం మొదలవగానే నెలసరి సర్దుకుని అనుకోకుండా గర్భం రావచ్చు. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల వరకు గర్భం వద్దు, బిడ్డకి చాలినంత పోషణ అందదు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగ్గా ఒంటపట్టకపోవచ్చు, గర్భసంచిలో పెట్టే ఐయూడీ లాంటిది నయం. తర్వాత గర్భం వచ్చినప్పుడు మన ఆసుపత్రుల్లో అందరికీ ఇచ్చే 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళ పరీక్ష బైపాస్ అయినవాళ్ళు చేయించుకోకూడదు. అంత తీపి ఒక్కసారిగా పేగులోకి దిగి చెమటలు, గుండెదడ, ఒకటి రెండు గంటల తర్వాత షుగర్ దారుణంగా పడిపోవడం జరుగుతాయి. బదులుగా ఇంట్లోనే వారంపాటు మీటర్‌తో చూసుకోవడం సరిపోతుందని గైనకాలజిస్ట్‌కి మీరే గుర్తుచేయాలి.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాక ఆపరేషన్ ఎందుకన్న ప్రశ్న సహజం. టిర్జెపటైడ్, బరువుకి వాడే సెమాగ్లుటైడ్ 2025లో మన మార్కెట్లోకి వచ్చాయి. పరిశోధనల్లో సెమాగ్లుటైడ్‌తో మొత్తం బరువులో సుమారు 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 20 శాతం తగ్గింది. ఆపరేషన్‌తో తగ్గేది 25 నుంచి 30. బీఎంఐ 30 దగ్గరున్నవాళ్ళు ముందు ఇంజెక్షన్ చూడటమే సబబు. కానీ ఆపేస్తే ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. 42 బీఎంఐ ఉన్న మనిషి జీవితాంతం ఇంజెక్షన్ కొనగలనా అని లెక్క చూసుకోవాలి. ఒకటి మాత్రం మరవకండి, ఈ ఇంజెక్షన్ వాడుతున్నవాళ్ళు ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా మత్తు డాక్టరుకి చెప్పాలి, కడుపు ఖాళీ అవడం ఆలస్యమై మత్తులో తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ప్యాకేజీ ధరలో ఏళ్ళ తరబడి మాత్రలు, రక్తపరీక్షలు, వేలాడే చర్మం తీయించుకునే ఖర్చు ఉండవు. చర్మం ఆపరేషన్‌ని బీమా సాధారణంగా అందం కోసమే అంటుంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బి12, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, ఆల్బుమిన్ చూడాలి. సర్జన్‌ని అడగాల్సిన ప్రశ్న "మీరు ఎన్ని చేశారు" ఒక్కటే కాదు. "అయిదేళ్ళ కింద చేసినవాళ్ళలో ఎంతమంది ఇప్పటికీ మీ దగ్గరికి వస్తున్నారు" అని అడగండి. జవాబుకి తడుముకుంటే అర్థం చేసుకోండి.

డిశ్చార్జ్ రోజున ఆపరేషన్ నోట్ పూర్తిగా అడిగి తీసుకోండి. స్లీవ్ అయితే వాడిన గొట్టం సైజు, బైపాస్ అయితే ప్రతి పేగు భాగం పొడవు సెంటీమీటర్లలో, సందులు కుట్టారా లేదా, హయాటస్ హెర్నియా సరిచేశారా అన్నవి అందులో ఉండాలి. పదేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో, వేరే దేశంలో, అర్ధరాత్రి కడుపునొప్పితో వెళ్తే అక్కడి డాక్టరు ముందు అడిగేది ఆ కాగితమే. ఒక కాపీ ఫోన్‌లో, ఒకటి ఇంట్లోవాళ్ళ ఫోన్‌లో ఉంచండి.